ఆకుమందే కదా

"ఆ పొడి ఆమెకు ఇయ్యకు బిడ్డా!"

కౌంటర్ పక్కన నిలబడ్డ ముసలాయన ఒక్కసారిగా అరిచేసరికి జ్యోత్స్నకు చిర్రెత్తుకొచ్చింది.

పొద్దుటి నుంచి ఇదే వరస. బచ్చన్నపేట బస్టాండు ముందున్న ఆ మందుల షాపులో ఆమె ట్రైనింగుకు చేరి నెల కూడా కాలేదు. ఓనరు మహీధర్ సరుకు కోసం జనగామ వెళ్లాడు. సరిగ్గా ఇవాళే ఈ పీడ తగులుకోవాలా!

మొదట, "కీళ్ల నొప్పుల పొడి ఎంతున్నదో అంత నాకే ఇయ్యి" అన్నాడు. ఉన్న గిరాకీకే చాలడం లేదు, ఇవ్వనంది. అప్పటి నుంచి కదలకుండా నిలబడి, ఎవరు ఆ పొడి అడిగినా అడ్డం పడుతున్నాడు.

"వద్దంటే ఎట్ల పెద్దాయనా? మోకాళ్లు గుంజి పత్తి ఏరస్తలేదు నాకు," అంది పొట్లం అందుకున్న అండాలు అనే పెద్దావిడ. అంతలోనే ఆమెకూ అనుమానం వచ్చింది.

"గుండెకు, నెత్తురు పల్చగయ్యే గోలీలు నడుస్తున్నయి బిడ్డా. గిది తినొచ్చునా?"

"ఆకుమందే గదా అవ్వా. ఏం గాదు."

ఆ మాట జ్యోత్స్న నమ్మే చెప్పింది. బీఫార్మసీలో మూలికల పేపరులో కాలేజీ ఫస్టు ఆమే. మొక్కల శాస్త్రీయ నామాలు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేది. అవి గోలీలతో కలిస్తే ఏమవుతుందో మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు. ఆమే ఎవరినైనా అడగొచ్చు, అడగలేదు.

"ఆ గోలీలు తినెటోళ్లకు అస్సలుకే పడదు." ముసలాయన కౌంటర్ మీదికి వంగాడు.

"నువ్వు డాక్టరువా?"

"కాదు."

"మరి ఆ పొడిల ఏమున్నదో నీకెర్కనా?"

ఆయన నోరు తెరిచాడు. షాపు ముందు మూగిన నలుగురినీ చూసి మళ్లీ మూసుకున్నాడు.

"ఎదురుంగ షాపోళ్లు పంపిన్రా? మా గిరాకీ చెడగొట్టనీకి?"

ఆయన చటుక్కున అండాలు చేతిలోని పొట్లం లాక్కున్నాడు.

"దొంగ! పట్టుకోండ్రి!" జ్యోత్స్న కేకేసింది.

పట్టుకున్నారు. ఒకడు రెక్క విరిచాడు, ఇంకొకడు చెంప పగలగొట్టాడు. జ్యోత్స్న పొట్లం గుంజుకుని అండాలు చేతిలో పెట్టింది.

"మళ్ల ఈ గడప తొక్కితే పోలీసులకు ఫోన్ చేస్త!"

ముసలాయన చిరిగిన అంగీ సర్దుకున్నాడు. "నీ కాళ్లు మొక్కుత, తినకమ్మా," అని అండాలుకు దండం పెట్టి, వచ్చిన బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఇంత చిన్న గొడవ ఓనరుకు ఏం చెప్తామని జ్యోత్స్న ఊరుకుంది.

వారం తిరగకుండా అండాలు కొడుకు యాకయ్య షాపు మీదికి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో సగం ఖాళీ అయిన పొట్లం.

"అవ్వకు ముక్కులకెల్లి నెత్తురు ఆగుతలేదు. కడుపుల గూడ కారుతున్నదట. గిండ్ల ఏమేం కలిపిన్రో అడుగుతున్నరు దవాఖాన్ల. జల్ది చెప్పు చెల్లె!"

జ్యోత్స్న పొట్లం తిప్పి చూసింది. పొడి పేరు తప్ప ఒక్క ఆకు పేరు గానీ వేరు పేరు గానీ దాని మీద లేదు. ఆమె లోపలున్న మహీధర్ వైపు తిరిగింది.

"సార్, గిది చేసేటాయనకు ఫోన్ చెయ్యండి."

"చేస్తనే ఉన్న," అన్నాడు మహీధర్. "కాటారం దిక్కు అడవిల తిరిగి వేర్లు తెచ్చి తనే నూరుతడు. ఏం వేస్తడో ఎవ్వరికీ చెప్పడు. నెల కింద ఆయన పెండ్లాం నెత్తురు కక్కి చచ్చిపోయింది, ఆమె గూడ గుండె గోలీలు తినేదట. అప్పటి సంది ఫోన్ బంద్. ఇంటికాడ గూడ లేడట."

"మొన్న ఒకాయన వద్దు వద్దని లొల్లి చేసిండు సార్. ఆయనకేమన్న ఎర్క ఉన్నదేమో."

మహీధర్ షాపులోని సీసీ కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పాడు. తెర మీద ముసలాయన చెంపదెబ్బ తిని తూలాడు. అండాలు వైపు తిరిగి చేతులు జోడించాడు.

మహీధర్ అక్కడే బొమ్మ ఆపాడు.

"ఆ పొడి నూరే సాంబయ్య ఈయనే జ్యోత్స్నా."