అక్కాతమ్ముళ్ల పాట

"ఆవిణ్ణి లోపలికి రానివ్వద్దు!" అంది అక్క.

స్టేజీ వెనక గది గుమ్మంలో నిలబడ్డ మేనేజరు నీళ్లు నమిలాడు. "వచ్చేశారమ్మా. ఒక్క మాట చెప్పి వెళ్లిపోతానంటున్నారు."

తమ్ముడు గిటారు శ్రుతి చేయడం ఆపాడు. "రానీ అక్కా. ఎన్నాళ్లని తప్పించుకుంటాం?"

అయిదేళ్ల తర్వాత ఆ అక్కాతమ్ముళ్లు మళ్లీ జనం ముందు పాడబోతున్నారు. ఒక గిటారు, రెండు గొంతులు, మెల్లగా సాగే పాత జానపదాలు. అంతే వాళ్ల కచేరీ. హాలు అప్పటికే కిక్కిరిసిపోయింది.

ఆవిడ లోపలికొచ్చింది. నలభై దాటలేదు గానీ జుట్టంతా నెరిసిపోయింది. అయిదేళ్ల కిందట ఓ కచేరీ ముగించుకుని తిరిగొస్తున్న వీళ్ల వ్యాను గుద్ది చనిపోయింది ఆవిడ ఎనిమిదేళ్ల కూతురే. ఆ కేసులో శిక్షపడ్డ తమ్ముడు పోయిన నెలలోనే జైలు నుంచి బయటికొచ్చాడు.

అతను లేచి తల వంచుకుని నిలబడ్డాడు.

"నిన్ను చంపేద్దామనుకున్నాను బాబూ, చాన్నాళ్లు," అంది ఆవిడ. "కానీ కోర్టులో నువ్వు బొంకలేదు. తప్పు నాదేనన్నావు. ఆ ఒక్క మాటకే నా కోపం కరుగుతూ వచ్చింది. ఇంక మోయలేను. పాడుకో నాయనా."

అంతసేపూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న అక్క గోడకి ఆనుకుపోయింది. ఆవిడ వెళ్లి ఆమె చేతులు పట్టుకుంది.

"నువ్వేం చేశావమ్మా, పాపం! తమ్ముడి కోసం ఇన్నేళ్లూ పాట మానేసి నోరు కట్టేసుకున్నావట. నీ జోలపాట వింటేగానీ మా పిల్ల నిద్రపోయేది కాదు. ఇవాళ అది పాడు. ముందు వరసలోనే కూర్చుంటాను."

అక్క ఊరికే తలూపింది.

ఆవిడ వెళ్లాక తమ్ముడు గట్టిగా ఊపిరి వదిలాడు. "చూశావా, ఎంత భయపడ్డావో! అయిపోయిందక్కా. ఇంక మనల్ని ఎవరూ ఏమీ అడగరు."

"నీకు అయిదేళ్లు పోయాయిరా."

"పోయినవి పోయాయి. పద."

తెర లేచింది. చప్పట్లు సద్దుమణిగాక తమ్ముడు జోలపాట వరస అందుకున్నాడు. పల్లవి అక్క బాగానే పాడింది. చరణం ఎత్తుకోబోతూ ముందు వరసలోకి చూసింది. ఆవిడ కళ్లు మూసుకుని తనతోపాటే పెదాలు కదుపుతోంది. కుడిచెయ్యి ఖాళీ ఒడిని జోకొడుతోంది.

పాట ఆగిపోయింది. గొంతు పట్టేసిందనుకుని జనం ఉత్సాహపరుస్తూ చప్పట్లు కొట్టారు. తమ్ముడు అదే వరస రెండోసారి వాయించాడు. మూడోసారి వాయిస్తూ అక్క మొహంలోకి చూశాడు. అతని వేళ్లు తీగల మీద బిగుసుకుపోయాయి.

"వద్దక్కా," అన్నాడు గొణుగుతున్నట్టు. "నీ కాళ్లు పట్టుకుంటాను, వద్దు."

అక్క మైకు దగ్గరికి జరిగింది.

"అమ్మా, కళ్లు తెరవండి. ఆ రోజు వ్యాను నడిపింది నేను."