కరియ మొండితనం

ఎమ్మిగనూరులో మా ఇంటి ముందర ఆటో వచ్చి నిలబడింది. మా నల్లకుక్క కరియని పెద్దకడుబూరులో మా సెల్లెలి సేను కాడికి పంపిచ్చేదానికి.

మనవరాలు దీపిక ఒకటే ఏడుపు. తాను తెచ్చుకున్న కుక్కపిల్లతో కరియని కలపల్లని పది దినాలు కష్టపడింది పాప. "కూకో" అంటాది, కూకుంటే బిస్కెట్టు పెడతాది. కుక్కపిల్ల దగ్గరికొస్తానే కరియ మీదికి దూకుతాడు. నిన్న దాని సెవి కొరికి రగతం తెప్పిచ్చినాడు.

"నీ మాదిరే మొండోడు పాపా" అని ఎగతాళి సేసినా నేను.

ఇప్పుడు ఆటో ఎక్కనంటాడు. దీపిక బతిమాలింది, ఆటో ఆయప్ప తోసినాడు. ఊహూ, కదల్లేదు.

"తాతా, నువ్వన్నా సెప్పు."

మగ్గం గుంతలోనుంచి లేసొచ్చి "ఎక్కురా" అన్నా. ఒక్క మాటకే ఎగిరెక్కి, తోక ఊపుతా నా మొగమే సూస్తాండాడు.

దీపిక కండ్లు తుడుసుకొని నా పక్క తిరిగింది. "నీ మాట ఇంత బాగా వింటాడే! మరి పిల్ల మీదికి ఎందుకు పోతాండె తాతా?"

సిగ్గుతో నాకు తల లేయలేదు.

"నేనే పాపా. మగ్గం కాడ కూకొని మెల్లగా 'ఉస్కో' అంటాంటి. నీ ఉరుకులాట సూసి నవ్వుకునేదానికి."

ఆటో పక్క సూసి "దిగురా" అన్నా. దిగొచ్చి నా కాళ్లే నాకినాడు.

దీపిక తిట్టలేదు. బిస్కెట్టు ఇరిసి నా మొగం ముందర పట్టుకొని, "కూకో" అనింది.

కూకున్నా.