కిటికీ గట్టు

"గట్టు మీంచి చెయ్యి తియ్యమ్మా."

మళ్లీ అదే మాట. ఆరో నెల గర్భిణి విసుగ్గా కళ్లు మూసుకుంది.

ఆస్పత్రి క్లినిక్‌లో బరువు చూసే మిషను కిటికీ పక్కనే ఉంటుంది. గట్టు మీద అరచెయ్యి అదిమి పెడితే ముల్లు ఆరేడు కిలోలు వెనక్కి వస్తుంది. హడావిడిలో ఉన్న నర్సు అదేమీ చూడదు. చూసేదల్లా పక్కనే స్టూలు వేసుకుని కూర్చునే ఆ లావుపాటి ఆయా.

ముందు ఆవిడ ఎక్కి చూసుకోవచ్చుగా అని ఆమె తన భర్త దగ్గర సణిగేది. ఇంట్లో అత్తగారు, ఆడపడుచు రోజూ ఆమె లావు గురించే దెప్పుతారు. ఇక్కడ కూడానా!

ఆ రోజు స్టూలావిడ ఊరుకోలేదు. లేచి, మణికట్టు పట్టుకుని చెయ్యి తీసేసింది.

ముల్లు ముందుకు దూకింది. వరసలో ఉన్నవాళ్లంతా చూశారు. నర్సు మాత్రం అప్పటికే తక్కువ అంకె రాసేసి, తర్వాతి పేరు పిలుస్తోంది.

"అసలు బరువు డాక్టరుగారికి తెలియాలి తల్లీ. బిడ్డ కోసం."

"నా బిడ్డ సంగతి మీకెందుకు?"

అక్కడికక్కడే ఫిర్యాదు రాసిచ్చింది. మరుసటి నెల స్టూలు లేదు. ఆమె నింపాదిగా గట్టు మీద చెయ్యి ఆనించింది.

పాప పుట్టిన మూడు నెలల్లో ఆస్పత్రిలో చేర్చడం ఇది మూడోసారి. ఈసారి జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగింది.

డాక్టరు ఆమె కడుపుతో ఉన్నప్పటి కార్డు తిరగేసి, అప్పుడు మీ బరువు బాగానే ఉందే అంది. ఆమె తల వంచుకుని గట్టు సంగతి చెప్పింది.

డాక్టరు కార్డు పక్కన పెట్టింది. తల్లి బరువు మరీ ఎక్కువైతే కొందరు పసివాళ్లలో రోగాలతో పోరాడే కణాలు పుట్టుకతోనే మందకొడిగా ఉండొచ్చంది. పాపకి అదే కారణమని తేల్చి చెప్పలేనంది.

"తెలిసుంటే మొదటి రోజు నుంచీ కనిపెట్టుకుని ఉండేవాళ్లం."

ఆమె క్లినిక్‌లోకి వెళ్లి, కిటికీ దగ్గర కూర్చునే ఆయా ఎక్కడని నర్సుని అడిగింది.

"ఆయా ఏంటమ్మా?" నర్సు విసుక్కుంది. "ఆవిడకి ఇక్కడ ఉద్యోగం లేదు, జీతమూ లేదు. కూర్చుంటానంటే పోనీలే అని డాక్టరుగారే ఒప్పుకున్నారు. మీ ఫిర్యాదుతో అదీ పోయింది."

"మరి రోజూ ఎందుకొచ్చేది?"

నర్సు గట్టు వైపు చూసింది.

"పన్నెండేళ్ల కిందట ఆవిడా అక్కడే చెయ్యి ఆనించింది. బిడ్డ దక్కలేదు."