తప్పు చెప్పే ఎలుగుబంటి

మొగిలయ్య ఎలుగుబంటి వేషం తొడుక్కుని తల తగిలించుకున్నాడు. ఇవాళ కూడా తప్పు చెప్పకపోతే ఉద్యోగం ఊడినట్టే.

చిక్కడపల్లిలో కమలాకుమారి మేడం నడిపే బడిలో పసిపిల్లలకు అక్షరాలు నేర్పేది జంతువులతోనే. కార్డుకు ముందువైపు అక్షరం, వెనకవైపు బొమ్మ. మేడం అక్షరం చూపించగానే ముందు ఎలుగుబంటి చెప్పాలి, అదీ తప్పే చెప్పాలి. 'మే' చూపిస్తే మొగిలయ్య తల గోక్కుని, తెగ ఆలోచించి, "నక్క" అనేవాడు. కాదు, మేక అని పిల్లలు పైకప్పు ఎగిరేలా అరిచేవారు. ఎప్పుడూ బల్ల కింద దాక్కునే మహిత కూడా బయటికొచ్చి, ఎలుగుబంటి చెవి మెలేసి మరీ నేర్పేది.

అంతకుముందు పెట్టుకున్న నాటకాలాయన తప్పుల్ని పిల్లలు రెండు రోజుల్లో పసిగట్టేశారు. మొగిలయ్య తప్పులకు మాత్రం తిరుగులేదు. ఆ తడబాటు, ఆ అమాయకత్వం, అబ్బో! మీ వంశంలో పగటివేషగాళ్ళున్నారా అని మేడమే ఓసారి అడిగింది. మొగిలయ్య ముసుగులోనే నవ్వుకున్నాడు. ఆ ఎలుగుబంటి కోసం నారాయణగూడ, బర్కత్‌పురల నుంచి కూడా పిల్లల్ని ఆటోల్లో తెచ్చి దింపేవారు.

ఏం మాయరోగమో, ఈ మధ్య ఎలుగుబంటి ఒప్పులు చెప్పేస్తోంది. మొన్న 'జి' చూడగానే జిరాఫీ అంది. నిన్న 'ఒ' చూసి ఒంటె అంది. చెవి మెలేద్దామని లేచిన మహిత బిత్తరపోయి మళ్ళీ బల్ల కిందికి దూరింది. రేపు కూడా ఇదే వరస అయితే వేరే ఎలుగుబంటిని చూసుకుంటానని మేడం తేల్చి చెప్పేసింది.

పాపం, మొగిలయ్య బడి కార్డులు ఇంటికి పట్టుకెళ్ళాడు. భార్య పెంటమ్మ ఒక్కోటీ చూపిస్తుంటే సాయంత్రమంతా తప్పులు సాధన చేశాడు. తప్పు చెప్పడం ఇంత కష్టమని అతనికి ఇన్నాళ్ళూ తెలియనే లేదు.

ఇవాళ మేడం 'ఏ' చూపించింది. పిల్లలంతా ఎలుగుబంటి మూతికేసే చూస్తున్నారు. నక్క అందామనుకుని మొగిలయ్య గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"ఏనుగు" అనేశాడు.

మహిత ఏడుపు లంకించుకుంది. మేడం అతన్ని వసారాలోకి పిలిచింది.

"ఎంత బాగా తప్పులు చెప్పేవాడివి, ఏం పోయేకాలం వచ్చింది మొగిలయ్యా నీకు? ఇప్పుడు నీలాంటివాణ్ణి ఎక్కడినుంచి తెచ్చుకోను?"

మొగిలయ్య ఎలుగుబంటి తల తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మా పెంటమ్మను పెట్టుకోండ్రి మేడం, నేను వచ్చిన కొత్తల ఎట్లుంటినో ఆమె గట్లనే, ఒక్క అక్షరం రాదు."