నడుము లేని రాజు

"ఆపేసినారేటి మాస్టర్‌జీ? కానీండి, నానూ ఇంటాను."

గుమ్మంలో గవరయ్యను చూడగానే దేవప్రసాద్ చేతిలో సుద్దముక్క విరిగింది. ఆ దీవిలో మిన్నీ బే జాలర్లు కట్టుకున్న బడికి గవరయ్యే ప్రెసిడెంటు. మాస్టారి ఉద్యోగం పర్మనెంటు కావాలంటే కాగితం మీద ఆయన సంతకం ఒక్కటే తక్కువ. ఆ కాగితం మీద చెయ్యి పెట్టి భార్య లీదియా పొద్దున్నే ప్రార్థన కూడా చేసి పంపింది.

ఎంచి ఎంచి ఇవాళే ఆ పాఠం రావాలా? ఎడారిలో విరిగిపడ్డ ఓ రాజు విగ్రహం మీద ఇంగ్లీషు పద్యం! కిటికీ అవతల, బడి ఆవరణలో, మేస్త్రీ నూకన్న గవరయ్య సిమెంటు విగ్రహానికి మీసాలు దిద్దుతున్నాడు. బతికుండగానే విగ్రహమేమిటని ఫెరార్గంజ్ దాకా చెవులు కొరుక్కుంటున్నారు గానీ, ఎదురుగా అన్న మొనగాడు లేడు.

"ఎవులా రాజు?"

"పాతకాలం వాడండి. తనంతవాడు లేడని పీఠం మీద చెక్కించుకున్నాడు."

"అందులో తప్పేటి?" గవరయ్య బెంచీ లాక్కుని కూర్చున్నాడు. "మరా బొమ్మ ఇప్పుడేటయింది? సచ్ బోలో, నిజం సెప్పు."

పిల్లలందరి కళ్లూ మాస్టారి మీదే ఉన్నాయి. అబద్ధమాడితే ఉద్యోగం, నిజం చెబితే సొంతూరికి తిరుగు ఓడ. అయినా ఆ పిల్లల ముందు పాఠం మార్చి చెప్పడానికి మనసొప్పలేదు.

"కాళ్లు రెండే నిలబడున్నాయండి. నడుం లేదు. పగిలిన తల పక్కన పడుంది. చుట్టూ ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు."

సముద్రపు ఇసుకతో కట్టిన బడి గోడకు రెండు వానలకే పెచ్చులూడాయి. గవరయ్య ఆ గోడను చూశాడు. తర్వాత కిటికీలోంచి తన విగ్రహాన్ని చూశాడు. మొహం జేవురించింది. విసురుగా లేచొచ్చి బల్ల మీది కాగితం లాక్కున్నాడు.

చింపేస్తాడనుకుని మాస్టారు కళ్లు మూసుకున్నాడు. బరబరా సంతకం చేసిన చప్పుడైంది.

"శెభాష్ మాస్టర్‌జీ! నా కళ్లు తెరిపించినారు. ఇన్నాళ్లూ ఇది నాకు సెప్పినోడు ఒక్కడూ లేడు."

దేవప్రసాద్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క పద్యం మనిషిని ఇంతలా మార్చేస్తుందా!

గవరయ్య అప్పటికే కిటికీ ఊచలు పట్టుకుని అరుస్తున్నాడు.

"ఒరే నూకన్నా! సముద్రపు ఇసకే కలిపీసినావేట్రా? కూలగొట్టీ దాన్ని! మంచి ఇసకేసి, నడుంలో ఇంకో నాలుగు ఇనపకడ్డీలు పెట్టి మళ్లీ కట్టు. ఈసారి రెండడుగులు ఎత్తు పెంచు!"