జడ్జిగారికి దోసె లేదు

దోసె తింటున్న తెల్లాయన ముఖం చూడగానే గిరిజకి ఒళ్లు మండిపోయింది.

జడ్జి హాలోవే! అప్పీల్స్ కోర్టులో తమ్ముడు శ్రేయాస్ కేసు విన్న ముగ్గురిలో ఒకడు.

వీసా రద్దయి శ్రేయాస్ డిటెన్షన్‌లో ఉన్నాడు. ఇండియాకి పంపేయకుండా ఆపమని అప్పీల్ చేసుకున్నారు. లాయర్ రాజీవ్ “ఓడిపోయామండీ” అనగానే గిరిజ ఫోన్ పెట్టేసి, ఆ ముగ్గురి ఫొటోలూ నెట్‌లో వెతికి పట్టుకుంది. అప్పటినుంచి పొద్దున లేస్తే వాళ్లకు శాపనార్థాలే.

ఇక మిగిలిన ఆశ ఒక్కటే. కోర్టులోని జడ్జీలంతా కలిసి మళ్లీ విచారించాలని రాజీవ్ ఇంకో పిటిషన్ వేశాడు.

ఆ ముగ్గురిలో ఒకణ్ణి దేవుడు కమ్మింగ్ ఊళ్లో తను నడిపే టిఫిన్ సెంటర్‌కే పంపితే ఊరుకుంటుందా? ఫోన్ కెమెరా ఆన్ చేసుకుని టేబుల్ దగ్గరికి వెళ్లింది.

“శ్రేయాస్ గుర్తున్నాడా? నేను వాడి అక్కని.”

ముసలాయన చెయ్యి ఆగిపోయింది.

“సారీ మేడమ్. కేసుల గురించి నేను మాట్లాడకూడదు.”

“మాట్లాడకూడదా, మాట్లాడ్డానికి ముఖం చెల్లట్లేదా?”

ఆయన ప్లేటు వైపు తల దించుకున్నాడు.

“చూశారా, తల ఎలా దించుకున్నాడో!” అని నలుగురికీ వినిపించేలా అరిచి, ప్లేటు లాగేసింది. “నా చేతి దోసె నీకు లేదు. గెట్ అవుట్!”

భర్త వీరాంజనేయులు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. “పెద్దాయన గిరిజా, వదిలెయ్!”

“మీరు లోపలికెళ్లండి.”

జడ్జి లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఆ వీడియో తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది, టీవీకీ ఎక్కింది. “బాగా గడ్డి పెట్టావక్కా!” అంటూ మెసేజ్‌లే మెసేజ్‌లు. చాలా రోజుల తర్వాత గిరిజకి అన్నం సయించింది.

ఆ నెలాఖరులో రాజీవ్ ఫోన్ చేశాడు.

“పిటిషన్ పోయిందండీ. కేసు మళ్లీ వినాలా వద్దా అని జడ్జీలంతా ఓటింగ్ పెట్టుకున్నారు. మనకి ఒక్క ఓటు తక్కువైంది.”



“ఆ హాలోవే గాడే అడ్డం పడుంటాడు!”

“ఆయన ఓటే వేయలేదు. జడ్జిగా ఇన్నేళ్లలో ఒక్క మాట పడని మనిషి. మీ వీడియో చూశాక, పక్షపాతం అన్న మాట రాకూడదని కేసులోంచి తప్పుకున్నారు.”

“పీడా పోయింది! నా దెబ్బంటే ఏంటో తెలిసొచ్చింది.”



“గిరిజ గారూ, ఆ ముగ్గురిలో మీ తమ్ముణ్ణి పంపడానికి వీల్లేదని తీర్పులో రాసిన ఒకే ఒక్క జడ్జి ఆయనే.”