బండసందు కాపురం

రవీందర్ సంచీలోంచి పొడుగాటి లెన్సు తీసి మల్లేశ్వర్ స్టూడియో బల్ల మీద పెట్టాడు. మెల్లగానే పెట్టాడు. ఎంత కోపమొచ్చినా లెన్సును విసిరికొట్టకూడదని నేర్పింది ఆ మల్లేశ్వరే మరి.

"ఇగో అన్నా, నీది నీకిచ్చేస్తున్న. గుడ్లగూబ జాగ బయట చెప్పినవా, లేదా? అదొక్కటి చెప్పు, పోత."

మల్లేశ్వర్ పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్నాడు. శంషాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్నాడు. పెళ్లిళ్లు చేజారిపోయాక, విమానమెక్కబోయేవాళ్ల మొహాలే ఆయనకు మిగిలిన బేరం. చేతిలో ఉన్న ఫొటో అంచు పూర్తిగా కత్తిరించాకే నోరు విప్పాడు.

"నా నోట్లకెళ్లి ఒక్కరికి పోలే తమ్మీ."

"మరి నా నోట్లకెళ్లి పోయిందా?"

మల్లేశ్వర్ ఏదో అనబోయి ఆగాడు. మళ్లీ కత్తెర తీసుకున్నాడు. రవీందర్‌కు అది చాలు. మౌనం అర్ధాంగీకారమని ఊరికే అన్నారా?

రవీందర్‌ది కొత్తూరు మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఫోన్‌కు జతయ్యే సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్న నాటి నుంచి మూడేళ్లుగా ప్రతి ఆదివారం మల్లేశ్వర్ స్కూటర్ వెనక కూర్చుని పిట్టల వేటకు పోయేవాడు. వెలుతురు చూడటం, ఊపిరి బిగబట్టి బటన్ నొక్కడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. సొంత అన్న ఉన్నా అంత ఓపిక పట్టేవాడు కాదు.

మొన్న చలికాలంలో కొత్తూరు అవతల ఒక గుట్ట మీద, బండసందులో, కొమ్ముల గుడ్లగూబ కాపురం వాళ్ల కంటపడింది. పక్కనే దూదిపింజల్లా రెండు పిల్లలు. మల్లేశ్వర్ అక్కడికక్కడే రవీందర్ చేయి పట్టి కెమెరా మీద పెట్టించాడు.

"ఊరోళ్లకు తెలిస్తే అపశకునమని రాళ్లేసి చంపుతరు. ఫొటోలోళ్లకు తెలిస్తే ముద్దు చేసి చంపుతరు. పిల్లలు ఎగిరేదాంక ఇది మనిద్దరి మధ్యనే. ఒట్టెయ్."

రవీందర్ ఒట్టేశాడు, నిలబెట్టుకున్నాడు కూడా. తల్లీపిల్లలు ముగ్గురూ ఒకేసారి కెమెరా వైపు చూసిన ఫొటో ఒకటి పడితే, దాన్ని ఫొటోల గ్రూపులో పెట్టకుండా ఉండలేకపోయాడు గానీ, ఎంత జాగ్రత్తపడ్డాడో. చుట్టూ బండలు కనబడకుండా అంచులు కత్తిరించాడు. క్లారిటీ పోకూడదని మామూలు ఫొటోలా కాకుండా అసలు ఫైలుగానే పంపాడు. ఎక్కడ తీశావని అడిగిన ప్రతివాడికీ "తెలంగాణల" అని జవాబిచ్చి ఊరుకున్నాడు. రెండొందల మంది శభాష్ అన్నారు. పుట్టి బుద్ధెరిగాక అన్ని పొగడ్తలు అతను విని ఉండడు.

ఆ వారమే శనివారం మధ్యాహ్నం, రెండో షిఫ్టుకు గేటు దగ్గర ఫోన్ అప్పజెప్పబోతుంటే మల్లేశ్వర్ ఫోన్ చేశాడు. ఆ ఫొటో జర తీసెయ్, ఎందుకో తర్వాత చెప్తా అన్నాడు. రవీందర్‌కు చివుక్కుమంది. శిష్యుడికి నాలుగు చప్పట్లు పడితే గురువు ఓర్చుకోలేడా? తీసెయ్యనని చెప్పి, ఫోన్ కట్టేసి లోపలికి పోయాడు.

ఆదివారం పొద్దున గుట్ట కింద నాలుగు కార్లున్నాయి. పైన మల్లేశ్వర్ అప్పటికే ఉన్నాడు. రవీందర్‌ను పిలవకుండా వచ్చాడు, కార్లవాళ్లతో గుసగుసలాడుతున్నాడు. బండసందుకు చాటుగా ఉన్న ముళ్లపొదను ఎవరో నరికేశారు. ఇంకెవరో ఫోన్‌లో గుడ్లగూబ కూత పెట్టి తల్లిని పిలుస్తున్నారు. తల్లి రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. మూడో రోజు ఇద్దరూ పోయి చూస్తే, కుక్కలు తినగా మిగిలిన నూగు ఉంది.

రవీందర్ ఆ బండ మీదే కూలబడి ఏడ్చాడు. "జాగ చెప్పినోడే వీటిని సంపిండన్నా. వాడు బాగుపడడు" అన్నాడు. మల్లేశ్వర్ అతని భుజం మీద చేయి వేశాడు.

ఇంటికొచ్చాక గానీ రవీందర్‌కు లెక్క తేలలేదు. ఆ జాగ తెలిసినవాళ్లు ఇద్దరే. తను చెప్పలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని గ్రూపులో పేరు పెట్టి మరీ రాశాడు. లెన్సు తిరిగిచ్చేసిన సాయంత్రమే గ్రూపు మల్లేశ్వర్‌ను తీసేసింది. ఆయన ఎవరికీ ఒక్క ముక్క జవాబు రాయలేదు. రవీందర్‌కు పిల్లలు పోయిన బాధ ఒక ఎత్తు, నమ్మినవాడు చేశాడన్న బాధ ఇంకో ఎత్తు.

రెండు నెలల తర్వాత, ఒక ఆదివారం పొద్దున, రాజేంద్రనగర్ చెరువు గట్టున చిన్న లెన్సుతో కొంగలను చుక్కల్లా తీసుకుంటూ కూర్చున్నాడు రవీందర్. పక్కన వచ్చి కూర్చున్నది హరిప్రసాద్. కోస్తా నుంచి వచ్చి బుద్వేల్‌లో స్థిరపడిన బ్యాంకు ఆఫీసరు, ఆ నాలుగు కార్లలో ఒక కారు ఆయనదే. పొద జోలికి మాత్రం తాను పోలేదని, పిల్లల సంగతి విన్నాక చాలా బాధపడ్డానని చెప్పుకొచ్చాడు. రవీందర్ ఉండబట్టలేకపోయాడు.

"ఒక్కటి చెప్పుండ్రి సార్. ఆ జాగ మీకు మల్లేశన్న ఎప్పుడు చెప్పిండు?"

హరిప్రసాద్ మొహం ఇబ్బందిగా పెట్టాడు. "ఆ సంగతి మీ దగ్గర ఎత్తవద్దని ఆయన మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నారండీ."

రవీందర్‌కు ఒళ్లు మండింది. చేసిందంతా చేసి, పైగా దాన్ని దాచడానికి ఊరందరి చేతా ఒట్లా? మూడేళ్లు ఆ మనిషినా అన్నా అని పిలిచింది?

"పిల్లలే పోయినయి, ఇంకేం ఒట్టు సార్? చెప్పుండ్రి."

హరిప్రసాద్ ఫోన్ తీసి రవీందర్ గ్రూపులో పెట్టిన గుడ్లగూబ ఫొటో తెరిచి, బొటనవేలితో పైకి తోశాడు. ఫొటో కింద మ్యాపు వచ్చింది. కొత్తూరు అవతల, సరిగ్గా ఆ గుట్ట మీద ఎర్రచుక్క ఉంది.

"ఫైలుగా పంపారు కదా, చోటు మీ ఫొటోతో పాటే వచ్చిందండీ."